చీటీ మీద కనిపించిన లెక్క

పాలపద్దు, చీటీపాట, కిరాణా కొట్టు బాకీ... వీటిల్లో పది రూపాయలు తేడా వస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. మీలో చాలామంది కూడా అంతే కదూ! అలాంటిదాన్ని, మా అబ్బాయి ఇంజనీరింగుకి 6 లక్షల అప్పు తీసుకున్నప్పుడు మాత్రం కాగితం మీద ఒక్క లెక్కా వేసుకోలేదు. ఆ సంగతే మీతో చెప్పుకోవాలనిపించింది.

2017లో వాడికి మెకానికల్ సీటొచ్చింది. చిన్నప్పటినుంచీ నా మిక్సీని, కుట్టుమిషన్ని విప్పి బిగించే రకం వాడు. "వాణ్ణి కంప్యూటర్ సైన్సు తీసుకోమను వదినా, మెకానికల్‌కి జీతాలెక్కడివి?" అని మా ఆడపడుచు అంటే నాకు ఒళ్ళు మండింది. వారం రోజులు ఫోన్ కూడా చెయ్యలేదు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. దానికి జవాబు వెతకాల్సింది పోయి అలిగి కూర్చున్నాను.

మావారి జీతం వల్ల మాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్షన్నర. ఏడున్నర లక్షల లోపే కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు, చదువైన ఏడాది దాకా కిస్తీ కట్టక్కర్లేదు అన్నారు బ్యాంకులో. ఆ మాట చెవికి ఎంత కమ్మగా ఉందో! 'కట్టక్కర్లేదు' అంటే వడ్డీ పడదనుకున్నాం. పడుతుందండీ. మొదటి లక్షన్నర చేతికొచ్చిన రోజునుంచీ పడుతూనే ఉంటుంది.

నూటికి 10 వడ్డీ అనుకుని చూడండి. మొదటి ఏడాది తీసుకున్న లక్షన్నర మీద అయిదేళ్ళు, రెండో ఏడాది దాని మీద నాలుగేళ్ళు, తరవాత మూడు, రెండు. అన్నీ కలిపితే వడ్డీయే 2 లక్షల 10 వేలు. 2022లో కిస్తీ మొదలయ్యేసరికి మా 6 లక్షలు 8 లక్షల 10 వేలయింది. పదేళ్ళకి వాయిదాలు వేస్తే నెలకి 10,700.

ఇక జీతం. 2021లో వాడు బయటికొచ్చాడు. అది కరోనా కాలం, ఏడాది తిరిగాక గానీ పుణె దగ్గర చాకణ్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం రాలేదు. ఆర్డరు కాగితం మీద ఏడాదికి 2 లక్షల 60 వేలు. నేను సంబరపడి పన్నెండుతో భాగించాను, 21,600 పైన వచ్చింది. చేతికొచ్చేది మాత్రం 17,500! కంపెనీ మన పేరున వేసే ప్రావిడెంట్ ఫండ్ కూడా ఆ పెద్ద అంకెలోనే కలిపి చూపిస్తారట. ఆ పైన మన వాటా కూడా కోస్తారు.

2023 సంక్రాంతికి ఇంటికొచ్చాడు. బట్టలు నానబెడుతూ అలవాటు ప్రకారం ప్యాంటు జేబులు వెతికితే ఒక చీటీ దొరికింది. కిస్తీ 10,700, రూము 4,000, మెస్ ఒకపూట 2,400, మిగిలింది 400. అంతే రాసుంది. ఒకపూట! బకెట్టు పక్కనే కూలబడిపోయాను. పగలు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తిని, రాత్రి మెస్‌లో తిని, ఆదివారం ఎలా గడుపుతున్నాడో అడిగితే "లేటుగా లేస్తానమ్మా" అన్నాడు. అరిసెలు తెగ తింటుంటే, చలికాలం కదా ఆకలెక్కువ అనుకున్నాను నేను.

ఆ నెలనుంచి మేమే 3,000 పంపాం. ఉద్యోగం చేసే కొడుక్కి ఇంటినుంచి డబ్బు పంపడమేమిటని మావారికి చిన్నతనంగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మెకానికల్ మంచిది కాదని మాత్రం నేననను. మొదట్లో జీతం తక్కువ, పని చేతికొచ్చేదాకా ఎదగదు. ఆదివారాలు డిజైను సాఫ్ట్‌వేరు నేర్చుకుని, కంపెనీ మారాక ఇప్పుడు 34,000 వస్తోంది. రెండుపూటలా తింటున్నాడు, ఇంటికీ కొంత పంపుతున్నాడు. కిస్తీ మాత్రం 2032 దాకా ఉంది.

నేను చేసిన తప్పేమిటో చెప్పనా? మొదటి ఏడాది వడ్డీ నెలకి 1,250. నేను జాకెట్లు కుట్టి, ఫాల్స్ వేసి అంతకు రెట్టింపు సంపాదిస్తాను. దాంతో నాన్‌స్టిక్ పెనాలు, చీరలు కొన్నాను. నాలుగో ఏడాదికి వడ్డీ నెలకి 5,000 అవుతుంది, అంతా నా వల్ల కాకపోను. కానీ చదువు సాగినన్నాళ్ళూ ఎప్పటి వడ్డీ అప్పుడు కట్టేసి ఉంటే అసలు 6 లక్షల మీదే ఉండేది, కిస్తీ 8,000 లోపే వచ్చేది. అలా కట్టేవాళ్ళకి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గిస్తాయి కూడా. ఏడాది ఆదాయం 4.5 లక్షల లోపున్న ఇళ్ళకైతే చదువుకాలం వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది. 2024లో విద్యాలక్ష్మి అని ఇంకోటి వచ్చింది. మీ పిల్లల కాలేజీ వాటికి వర్తిస్తుందో లేదో ముందే బ్యాంకులో అడగండి, మొహమాటపడకండి.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా మెకానికలే అంటోంది. "ఆడపిల్లకి ఆ నూనె, ఇనుము ఎందుకు?" అన్నారు మావారు. నా బాధ అది కాదు, లెక్క. పాలిసెట్ రాసి మూడేళ్ళు డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటరూ ఇంజనీరింగూ కలిపినా ఆరేళ్ళే, ఇదీ ఆరేళ్ళే. అప్పు చెయ్యాల్సింది మాత్రం నాలుగేళ్ళకి కాదు, మూడేళ్ళకి. మధ్యలో ఉద్యోగం దొరికితే ఆగనూ వచ్చు.

ఫీజు, హాస్టలు కనుక్కోవడానికి సోమవారం నేనూ అమ్మాయీ మా ఊరి గవర్నమెంటు పాలిటెక్నిక్‌కి వెళ్తున్నాం. ఈసారి మా ఆడపడుచుని కూడా రమ్మన్నాను.