రాకెట్లు ఎగరని చోటు

హ్యూస్టన్‌లో చుట్టాలో స్నేహితులో ఉన్న తెలుగువాళ్లు అమెరికా వెళ్తే తప్పకుండా చూసొచ్చే చోటు జాన్సన్ స్పేస్ సెంటర్. నేనూ చూశాను. ఒక్క సంగతి ముందే చెప్పేస్తా: ఇక్కడ రాకెట్లు ఎగరవు! నాసా వ్యోమగాములు బయల్దేరేది ఫ్లోరిడా నుంచి. అపోలో, షటిల్ రోజుల్లో రాకెట్ లాంచ్ టవర్ దాటగానే బాధ్యతంతా హ్యూస్టన్ చేతికొచ్చేది. మరి మిగతా రోజుల్లో ఇక్కడేం చేస్తారు? 'ఏదైనా తేడా కొడితే?' అన్న ప్రశ్నకి రిహార్సల్ చేస్తారు.

ట్రామ్ ఎక్కితే శిక్షణ భవనం చూపిస్తారు. స్పేస్ స్టేషన్ గదుల నమూనాలు అసలు సైజులోనే ఉంటాయి. కాస్త దూరంలో ఇంకో క్యాంపస్‌లో 40 అడుగుల లోతు కొలను ఉంది. మునగకుండా, తేలకుండా బరువులు సరిచేసిన సూట్‌తో వ్యోమగాములు స్పేస్‌వాక్ నేర్చుకునేది అందులోనే.

నన్ను కట్టిపడేసింది మాత్రం పాత అపోలో కంట్రోల్ రూమ్. 2019లో దాన్ని మళ్లీ అప్పటిలాగే తయారుచేశారు. ఆష్‌ట్రేలు, కాఫీ కప్పులతో సహా! 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు పరుగులు పెట్టింది ఇక్కడే. రుబెల్లా (జర్మన్ మీజిల్స్) సోకొచ్చన్న అనుమానంతో చివర్లో ఆ ప్రయాణం తప్పిపోయిన కెన్ మాటింగ్లీ, ఆఫ్ చేసిన నౌకని ఉన్న కాస్త కరెంటుతో ఎలా ఆన్ చేయాలో కిందున్న టీమ్‌తో కలిసి తేల్చాడు. ముగ్గురూ క్షేమంగా దిగారు.

ఇదే సెంటర్‌కి ఇంకో జ్ఞాపకమూ ఉంది. 2003 జనవరిలో కొలంబియా ఎగిరిన 82 సెకన్లకి నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. కక్ష్యలో ఉండగానే ఫొటోలు తీయించమని కొందరు ఇంజనీర్లు అడిగారు. ఆ మాట ముందుకెళ్లలేదు. ఫిబ్రవరి 1న, దిగడానికి 16 నిమిషాల ముందు, కల్పనా చావ్లాతో సహా ఏడుగురినీ కోల్పోయాం. అదే సెంటర్, అంతే తెలివైన మనుషులు. తేడా అంతా, భయపడిన మనిషి మాటని ఎవరైనా విన్నారా లేదా అన్నదే.

రేపు మన గగన్‌యాన్ శ్రీహరికోట నుంచి మనుషులతో ఎగిరినప్పుడు అందరం ఆకాశంకేసే చూస్తాం. ఫోన్లూ అటే తిప్పుతాం. కానీ ఆ వ్యోమగాముల ప్రాణాలు కింద కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ల చేతుల్లోనూ ఉంటాయి. వాళ్లలో ఓ జూనియర్ లేచి "సార్, ఏదో తేడాగా ఉంది" అంటే, "చెప్పమ్మా, ఏంటది?" అనే పెద్దవాళ్లు అక్కడుండాలి.