హయాతీ దాఖలా

నవంబరు వచ్చిందంటే మా కచేరీకి పెళ్ళికళ వస్తుంది. పింఛను పుచ్చుకొనే పెద్దలందరూ తాము బ్రతికే వున్నామని యేటేటా ఆ నెలలో రుజువు చూపించుకోవాలి. ఆ కాగితాన్ని మా దెగ్లూరులో మరాఠీవారూ తెలుగువారూ కూడ హయాతీ దాఖలా అనే అంటారు. మెట్రిక్ గట్టెక్కి, ఆవక జావక రిజిస్టర్ల నడుమ సగం ఆయుష్షు గడిపిన మా వంటి గుమాస్తాలకు ఆ నెల పని యెక్కువే గాని, విసుగు మాత్రం కలగదు.

2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వంవారు జీవన్ ప్రమాణ్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. మొదట వ్రేలిముద్రతోను, తరువాత ఫోనులో ముఖం చూపించిన మాత్రానను యింటి వద్దనే పని అయిపోతుంది. మంచం దిగలేనివారికి యిది గొప్ప సదుపాయం, మేము ఆక్షేపించము. కాని వొక వింత చూశాము. మనుమడు ఫోనులో పని పూర్తి చేసిపెట్టినా కొందరు పెద్దలు కర్ర పట్టుకొని కచేరీకి వస్తూనే వున్నారు. పది గంటలకు వచ్చినవారు మూడు గంటలదాకా బల్ల మీద నుంచి లేవరు. చాయ తాగుతారు, ఫలానావాడు యీ యేడు కనబడలేదేమని ఆరా తీస్తారు. పోయినవారి సంగతి తెలిస్తే కాసేపు వూరకుంటారు, మళ్ళీ బీ.పీ. గోళీల ధర దగ్గర మొదలుపెడతారు. వారు వచ్చేది ప్రభుత్వానికి రుజువు చూపించడానికి కాదు కాబోలు.

కచేరీకి రానివారి సంగతే మాకు దిగులు. వారిలో మా పెద్దనాయన వొకరు.

మన పత్రిక చదివేవారిలో పెక్కు కుటుంబాలు మూడు నాలుగు తరాల క్రిందట యీ ప్రాంతానికి వచ్చి స్థిరపడినవే. పెద్దలు యింట తెలుగు, బజారులో మరాఠీ, కాగితం మీద వుర్దూ అలవాటు చేసుకొని నెగ్గుకొచ్చారు. ఆ కాలంలో యీ భూమి అంతా హైదరాబాదు రాజ్యమే. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు మా దెగ్లూరు తాలూకాలోనివే. 1956 నవంబరు 1న రాష్ట్రాలను తిరిగి విభజించినప్పుడు ఆ రెండు సర్కిళ్ళూ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, దెగ్లూరు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. మా పెద్దనాయన అక్కను అంతకు కొంచెం ముందే బిచ్కుందకు యిచ్చారు. సొంత తాలూకాలోనే గదా అని యిచ్చిన పిల్ల, నాలుగేండ్లు తిరగకుండా పరరాష్ట్రపు కోడలైంది! అయినా రాకపోకలు ఆగలేదు. పంచమి పండుగకు పుట్టింటికి రావడం ఆమెకు నియమం.

మా పెద్దమ్మ పోయాక పెద్దనాయనను కొడుకు పుణె తీసుకుపోయాడు. కొడుకు మంచివాడు, కోడలు ఇంకా మంచిది. యెనిమిదో అంతస్తులో గాలీ వెలుతురూ వున్న గది యిచ్చారు. పొద్దున యెనిమిదింటికి అందరూ వెళ్ళిపోతే రాత్రి యెనిమిదింటికి తాళం చప్పుడయ్యేది. మనుమలకు తెలుగు రాదు. వాళ్ళ మరాఠీ, ఇంగ్లీషు కలగలుపు యీయనకు అందదు. దానికి తోడు చెవి మందగించింది. వొకమాట మూడుసార్లు చెప్పవలసి వస్తే యెంతటి ప్రేమగలవారైనా రెండోసారికే "ఏం లేదులే తాతా" అంటారు. ఆ "ఏం లేదులే" అన్న మాట యెందరు వృద్ధులను గదిలోకి నెట్టిందో! మూడు నెలలకే దెగ్లూరు తిరిగివచ్చి మా యింట దిగారు.

వచ్చినవారు మునుపటి మనిషి కారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. భజనకు రమ్మంటే రానన్నారు. చెప్పులు కుట్టించుకోమంటే "ఎటు పోయేదున్నది నేను?" అన్నారు. కంచం ముందు కూర్చొని చేయి కడుక్కొని లేచేవారు.

"ఏమైంది పెద్దనాయనా?" అంటే, "ఏం కాలే బిడ్డా, బువ్వ సయిస్తలేదు" అనేవారు.

వాడకట్టులో అందరూ వయసని తేల్చేశారు. మా యింటావిడ మాత్రం వొప్పుకోలేదు. వయసైతే మెల్లమెల్లగా రావాలి గాని రెండు నెలల్లో యెలా వస్తుందని ఆమె వాదం. ఆమె పట్టుబట్టడం వల్లనే నాందేడు తీసుకుపోయాము.

డాక్టరుగారు ముందు రక్తపరీక్షలు చేయించారు. థైరాయిడ్ తక్కువైనా, బీ పన్నెండు విటమిను లోపించినా మనిషి యిలాగే వాడిపోతాడట. తరువాత తీరికగా కూర్చోబెట్టి అడిగారు: రెండు వారాలకు పైగా దినమూ మనసు బరువుగా వుంటున్నదా, యిష్టమైన పనుల మీద ఆశ పోయిందా, బ్రతికి యేం లాభమనిపిస్తున్నదా అని. ఆ చివరి ప్రశ్నకు పెద్దనాయన జవాబు చెప్పలేదు, కిటికీ వైపు చూశారు. మాకు వొళ్ళు జలదరించింది. మన యిండ్లలో బెంగ అంటాము. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ముసలివారిలో అది యేడుపుగా కాక ఆకలి లేకపోవడంగా, వొళ్ళునొప్పులుగా, నిద్రలేమిగా బయటపడుతుంది గనుక యింటివారికి ఆనదు. 2017–18లో దేశమంతటా వృద్ధుల మీద చేసిన పెద్ద సర్వేలో, అరవై దాటినవారిలో నూటికి సుమారు యెనిమిదిమందికి యీ జబ్బు లక్షణాలు కనబడ్డాయి. డాక్టరు చెప్పగా తెలిసినవారు మాత్రం నూటికి వొక్కరైనా లేరు. మిగిలినవారందరూ "వయసు" క్రింద జమ అయినట్లే గదా!

మందు యిచ్చారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, కొంచెం నయమనిపించగానే సొంతంగా ఆపవద్దనీ చెప్పారు. చెవికి మిషను పెట్టించమన్నారు. చెవుడూ, డిప్రెషనూ, వొంటరితనమూ మతిమరుపు జబ్బుకు కూడ దారితీయవచ్చునట. చివరికి, "రోజూ మాట్లాడే మనిషి యెవరున్నారు?" అని అడిగారు. మేమున్నామన్నాము. "మీరు కాదు, ఆయన యీడువారు," అన్నారు.

బ్రిటనులో 2018లో వొంటరితనానికి వొక మంత్రిణినే నియమించారని చదివినప్పుడు మేము నవ్వుకున్నాము. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రపంచంలో ఆరుగురిలో వొకరిని వొంటరితనం పీడిస్తున్నదనీ, దానివల్ల యేటా 8 లక్షల 71 వేలకు పైగా ప్రాణాలు పోతున్నాయనీ లెక్క కట్టారు. నవ్వవలసిన సంగతి కాదు. మన దేశంలోనూ వృద్ధుల కోసం 14567, మనసు బాధలకు 14416 అనే ఉచిత ఫోను నంబర్లున్నాయి. రెండోది రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చు. కేలెండరు ప్రక్కన వ్రాసి పెట్టుకోదగిన అంకెలు.

యీడువారెవరని వెదికితే తేలినది బిచ్కుంద అక్కే. ఆమెకూ కొడుకులు హైదరాబాదులో. అయితే రాకపోకలలో వొక తమాషా వున్నది. 2022 ఆగస్టు నుంచి మహారాష్ట్ర ఎస్టీ బస్సులో డెబ్బయ్యయిదు దాటినవారికి టిక్కెట్టు లేదు, కాని రాష్ట్రపు యెల్లవరకే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవారికి అక్కడి పల్లె బస్సులో టిక్కెట్టు లేదు, అదీ యెల్లవరకే. తమ్ముడు యిటునుంచి, అక్క అటునుంచి ఉచితంగా వచ్చి సరిహద్దు రాయి మీద కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా ముచ్చటించుకోవచ్చును! మద్నూరు దాకా పోయి మేమే ఆమెను పిలుచుకొచ్చాము.

ఆమె వచ్చేనాటికి మందు మొదలై నెల దాటింది. చెవి మిషను పెట్టుకోనని పెద్దనాయన పదిదినాలుగా మొరాయిస్తున్నారు. అక్క మంచం ప్రక్కన కూర్చొని, చిన్నప్పుడు లెండి వొడ్డున తన వెండి కడియం పోగొట్టినది తమ్ముడేననీ, నాయన చేత దెబ్బలు మాత్రం తాను తిన్నాననీ మొదలుపెట్టింది. ఆయనకు సగమే వినబడింది. వినబడిన సగానికే మండిపడి, "గా మిషన్ ఇటు తే బిడ్డా, ఈమె ఏమంటున్నదో చూస్త" అన్నారు.

ఆమె వచ్చి యిరవై దినాలైంది. కడియం పంచాయితీ యింకా తెగలేదు. తమ్ముడు, దూడ కాలు తగిలి యేట్లో పడిందంటారు. దూడే లేదంటుంది అక్క. రాత్రి పది దాటినా మాటలు సాగుతూనే వుంటాయి, మాకు నిద్ర లేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ వాదులోనే పడి పెద్దనాయన మూడో రొట్టె అడిగారు. మా యింటావిడ మాట్లాడకుండా వేసింది.