వాడంతే అనుకున్నాం

"మీ తమ్ముడు ఎప్పటి నుంచి ఇట్లున్నడమ్మా?"

జగిత్యాలలో ఓ పిల్లల డాక్టరమ్మ అడిగిన మాట ఇది. 2011లో దసరా వెళ్లిన వారం. నేను కోరుట్ల నుంచి బస్సెక్కి చూపించడానికి తీసుకెళ్లింది దగ్గుతో ఉన్న నా కూతుర్ని. ఆమె మాత్రం మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మా తమ్ముణ్నే చూస్తోంది.

"పుట్టినప్పటి నుంచి మేడమ్. డౌన్స్ సిండ్రోమ్."

"అది కనబడుతూనే ఉంది. ఈ మత్తు ఎప్పటి నుంచి?"

నా దగ్గర జవాబు లేదు.

వాడు 1994లో సిరిసిల్లలో పుట్టాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బాపు సాంచాలు నడిపేవాడు, అవ్వ బీడీలు చుట్టేది. ఒళ్లంతా మెత్తగా, పాలు పీల్చే ఓపిక కూడా లేకుండా ఉండేవాడు. గ్రహణం నాడు బయట తిరిగిందని చుట్టాలంతా అవ్వనే అన్నారు. ఆ నింద ఆమె చాలా ఏళ్లు మోసింది. అసలు సంగతి 1959లోనే ఫ్రెంచి వైద్యుడు లెజూన్ బృందం బయటపెట్టింది. కణంలో 46 ఉండాల్సిన క్రోమోజోములు 47 ఉంటాయి. 21వది రెండుకు బదులు మూడు. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడే జరిగిపోయే పొరపాటు అది. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ అవ్వకు అప్పుడు ఇరవై ఎనిమిదే.

తమ్ముడు మూడేళ్లకు నడిచాడు. ఐదేళ్లకు 'అక్క' అన్నాడు. మాటలు రావట్లేదని బెంగపడ్డామే గానీ, చెవులు చూపించాలని తట్టలేదు. మా ఇల్లు సాంచాల పక్కనే. అక్కడ అందరం అరిచే మాట్లాడుకుంటాం! కర్ణభేరి వెనక నీరు చేరి వాడికి సరిగా వినబడట్లేదని పదేళ్లకు గానీ తెలియలేదు.

బతుకమ్మ వచ్చిందంటే మాత్రం వాణ్ని పట్టలేం. గునుగు, తంగేడు తెచ్చేది వాడే. మానేరు దాకా అవ్వ వెంట బతుకమ్మను మోసేది వాడే. ఆ ఏడు నేను పుట్టింటికి వెళ్లేసరికి మంచం మీదే ఉన్నాడు. ఒళ్లు పొడిబారింది, బరువు పెరిగాడు, ఎండలోనూ చలంటున్నాడు. "వాడంతే గదా బిడ్డా" అంది అవ్వ. అంతకుముందు చూసిన ఒక డాక్టరూ తలెత్తకుండా అదే అన్నాడట. నాలుగు రోజులు నా దగ్గర ఉంటాడని కోరుట్ల తీసుకొచ్చాను, అంతే.

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. ఈ పిల్లల్లో అది మామూలే, ఏడాదికోసారి చూసుకోవాలట. గుండెకూ పరీక్ష రాసింది. దాదాపు సగం మంది గుండె లోపంతో పుడతారట. పుట్టగానే చేయించాల్సింది పదిహేడేళ్లకు చేయించాం. బాగానే ఉంది. అది మా తెలివి కాదు, అదృష్టం.

పొద్దున్నే పరగడుపున ఒక గోలి. మూడు నెలలు తిరిగేసరికి వాడు లేచాడు. డౌన్స్ ఎక్కడికీ పోలేదు. డబ్బులు లెక్కపెట్టడం ఇప్పటికీ రాదు. కానీ బాపుకు కండెలు అందించడం మళ్లీ మొదలుపెట్టాడు. మరుసటేడు తంగేడు కోసం అందరికంటే ముందే బయల్దేరాడు. నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. ఎన్ని నెలలు అట్లా పడుకోబెట్టామో!

ఇప్పుడు వాడికి ముప్ఫై దాటాయి. రోజూ ఆరింటికి కోరుట్ల నుంచి ఫోన్ చేస్తాను.

"గోలి ఏసుకున్నవా తమ్మీ?"

"ఏసుకున్న. చాయ్ ఇంక తాగలే అక్కా, అద్దగంట ఆగాలె" అంటాడు నాకే గుర్తుచేస్తున్నట్టు.