చేతులు మారిన మాట

మూడేళ్ల క్రితం మా అమ్మీకి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలినప్పుడు మేమందరం భయపడింది కత్తికే. ప్రమాదం ఆపరేషన్ థియేటర్ దాటాక రాగలదని మాకు తోచలేదు.

అమ్మీకి ఏళ్ల తరబడి ఉబ్బసం ఉన్నది. ఒకసారి మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మాత్ర వేసుకున్న కొద్దిసేపటికే ఊపిరాడక ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఆస్పిరిన్, ఆ కోవకు చెందిన నొప్పి మందులు పడవు. చేరిన రోజే భాయిజాన్ ఈ సంగతి మత్తు డాక్టరుకు చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, రాసుకొని, కింద గీత కూడా గీశారు. మేము అల్‌హమ్దులిల్లాహ్ అనుకొని నిశ్చింతగా కూర్చున్నాము.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. థియేటర్ నుండి రికవరీ గదికి, అక్కడి నుండి వార్డుకు, పగటి నర్సు నుండి రాత్రి నర్సుకు, ఒక్క రోజులో అమ్మీ ఇన్ని చేతులు మారారు. మత్తు డాక్టరు రికవరీ నర్సుకు నోటితో చెప్పారట. ఆమె వార్డుకు పంపేటప్పుడు సెలైన్ గురించీ కుట్ల గురించీ చెప్పి, దీనిని మరచిపోయింది. గీత గీసిన కాగితం ఫైలు అడుగున పడింది, పైకి కొత్త మందుల చీటీ వచ్చింది.

రాత్రి 8 గంటలకు నర్సుల డ్యూటీ మారింది. అదే వేళకు మా డ్యూటీ కూడా మారింది. ఉదయం నుండి కూర్చున్న భాయిజాన్ ఇషా నమాజుకు వెళ్లారు. ఊరి నుండి బస్సు దిగి నేరుగా వచ్చిన ఆపా మంచం పక్కన కూర్చున్నారు. భాయిజాన్ ఆమెకు ఫ్లాస్కు, బిల్లుల కవరు, ఫోన్ ఛార్జరు అప్పగించారు. మందు సంగతి ఆమెకు తెలిసే ఉంటుందనుకున్నారు. ఆపా పెళ్లయి దూరం వెళ్లిన తరువాత జరిగిన సంగతి అది!

నర్సు అడగకపోలేదు. “పేషెంటుకు పడని మందులేమైనా ఉన్నాయా అమ్మా?” అన్నది. ఆపా లేవన్నారు. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే అమ్మీ ఎగశ్వాసతో లేచి కూర్చున్నారు. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టించారు. ఫజ్ర్ అజాన్ వినబడే వేళకు గానీ ఊపిరి కుదుటపడలేదు. ఆ రాత్రి వరండాలో మేము చేసిన దుఆలు అల్లాహ్‌కే తెలుసు.

తెల్లవారాక మా కోపమంతా నర్సు మీదికి మళ్లింది. వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే ఉన్న సంగతి అప్పుడు మాకు కనబడలేదు. “ఆమె అడిగింది, లేవన్నది నేనే” అని ఆపా ఏడ్చారు. భాయిజాన్ చాలాసేపటికి తల ఎత్తి, “నీకు చెప్పనిది నేను” అన్నారు. ఆ తరువాత మాలో ఎవరమూ ఫిర్యాదు మాట ఎత్తలేదు. అయినా అంత ముఖ్యమైన విషయం ఫైలు అట్ట మీద గానీ, రోగి చేతి పట్టీ మీద గానీ ఉండవలసిందని ఈనాటికీ అంటాము.

తరువాత ఈ విషయమై చదివాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం 19 అంశాల పట్టిక తెచ్చింది. న్యూఢిల్లీ సహా 8 నగరాల ఆసుపత్రులలో దానిని అమలు చేసి చూడగా మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గాయి. రోగి థియేటర్ దాటకముందే, ఇకపై ఏమేమి చూసుకోవాలో డాక్టర్లు, నర్సు కలిసి మాట్లాడుకోవాలన్నది అందులోని చివరి అంశం. అయితే ఆ పట్టిక థియేటర్ తలుపు దగ్గరే ముగుస్తుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు, గుండె ఆపరేషన్ అయిన పసివారిని అప్పగించే పద్ధతిని ఫార్ములా వన్ కారు పందేల బృందాల దగ్గర నేర్చుకున్నారట! ముందు యంత్రాలు, గొట్టాలు అమర్చాలి, ఆ తరువాతే మాటలు. ఒకరు చెబుతున్నప్పుడు మిగిలినవారు నిశ్శబ్దంగా వినాలి. మా భాయిజాన్ ఫ్లాస్కు అందిస్తూ, చెప్పులు వేసుకుంటూ మాట్లాడారు.

నిరుడు అమ్మీకి కంటి శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఈసారి వారు మమ్మల్ని నమ్మలేదు. పడని మందు పేరు అట్టముక్కపై తామే రాసుకొని, కొంగుకు పిన్నుతో గుచ్చుకున్నారు. కంటి చుక్కలలోనూ ఆ కోవ మందులుంటాయని మాకు అప్పుడే తెలిసింది. డాక్టరు వేరే చుక్కలు రాశారు. అమ్మీ ప్రతి నర్సుకూ అట్ట చూపి, “చదివి తిరిగి నాకు చెప్పమ్మా” అన్నారు. చివరికి చక్రాల కుర్చీ తోసే అబ్బాయికి కూడా చూపారు.

“నేను మందులివ్వను పెద్దమ్మా” అని అతడు నవ్వాడు.

“ఇచ్చేవారి దగ్గరికి తీసుకుపోయేది నీవే కదా నాయనా” అన్నారు అమ్మీ.