పేరు లేని మందుచీటీ

సూర్యారావుపేట ఆసుపత్రుల వీథిలో గుండెజబ్బుకో మధుమేహమునకో వచ్చువారు రిపోర్టుల సంచిని అందఱికిని కనబడునట్లు ఒడిలో నుంచుకొని కూర్చుందురు. మనోవ్యాధికి వచ్చువారు మాత్రము, అవనిగడ్డ నుండియో గుడివాడ నుండియో శ్రమపడి వచ్చినను, మందుచీటీపై పేరు వ్రాయవలదని ముందుగనే వేడుకొందురు. ఇది కేవలము లజ్జ కాదు. దీని వెనుక ఉద్యోగభయ మున్నది.

దివిసీమ యువకు డొకడు, ఇంటరు చదువునాటి హాస్టలులో తీవ్రమైన కుంగుబాటునకు లోనై, కొన్ని మాసములు మందులు వాడి పూర్తిగా కోలుకొని, ఇంజనీరింగు ముగించి, కేంద్రప్రభుత్వోద్యోగమునకు ఎంపికయ్యెను. వైద్యపరీక్షకు ముందు నింపవలసిన పత్రమును తెచ్చి నా బల్లపై పఱచెను. మశూచికము సోకినదా, ఉమ్మిలో రక్తము పడినదా, దగ్గఱి బంధువులలో క్షయ, మూర్ఛ, ఉన్మాదము గలవా, అధికశ్రమచే గాని మఱే కారణమున గాని నరముల దౌర్బల్యము కలిగినదా యని ప్రశ్నలు. అడుగున, తెలిసి దాచినచో ఉద్యోగమును, చేరిన పిదప పింఛనును పోగొట్టుకొందువను హెచ్చరిక. 1977లోనే మన దేశము మశూచికవిముక్తమైనట్లు ప్రకటింపబడినను, ఆ పత్రమున దాని కింకను చోటుండుట చూచి నాకు నవ్వు వచ్చినది; కుఱ్ఱవానికి రాలేదు.

"ఎప్పుడో పోయిన జబ్బు గదండీ, లేదని రాసేస్తే పోలా?" అనెను తండ్రి.

వలదంటిని. రోగము కారణముగ పోయిన ఉద్యోగమునకై కోర్టు కెక్కవచ్చును. అబద్ధము వలన పోయినదానికై ఎక్కుట దుస్తరము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధిని గూడ లెక్కలోనికి తీసికొని, ప్రభుత్వోద్యోగములలో వివక్షను నిషేధించినది. 2017 నాటి మానసికారోగ్య చట్టము చికిత్సావివరములు గోప్యముగ నుండు హక్కును రోగి కిచ్చినది. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఒక సి.ఆర్.పి.ఎఫ్. ఉద్యోగి వ్యాజ్యమున, మానసిక వైకల్యము గలవారిపై క్రమశిక్షణచర్యకు పూనుకొనుట పరోక్షవివక్షయే కాగలదని తీర్పు చెప్పినది. సంపూర్ణముగ కోలుకొన్నవాడు మొదటి చట్టము పరిధిలోనికి వచ్చునా యనునది వకీళ్లు తేల్చవలసిన చిక్కు.

అడుగనిచోట చెప్పనక్కఱలేదు, ప్రైవేటు కంపెనీయైనను మఱెచ్చటనైనను. దీనిని మోసమన్నవారితో నేను ఏకీభవింపను. అడిగినచోట మాత్రము ఉన్నదున్నట్లు వ్రాసి, వైద్యుని లేఖను జతపఱుపవలెను. వాని కిచ్చిన లేఖలో వ్యాధి పేరుతో నిలువక, మందు లెన్నడు మానినది, అటుపిమ్మట పరీక్ష లెట్లు గట్టెక్కినది, నేడు నిద్రాహారము లెట్లున్నవి, ఆ పనికి సమర్థుడా కాడా యన్నదియు వ్రాసితిని. నిజమునకు ఆ పత్రము అడుగవలసిన దీ కడపటి మాటయే.

వాడు ఉద్యోగమున చేరెను. నాకు దిగులు వానివంటివారిని గుఱించి కాదు. గ్రూపు-2 నోటిఫికేషను పడినదని, ఎవరో రక్తపరీక్షలో బయటపడునని చెప్పగా విని, నన్నడుగకయే, మనోవ్యాధికి వాడుచుండిన లిథియము మందు మానివేసిన ఒకామె, పరీక్షనాటికి హాలుటిక్కెట్టు ఇంట నుంచి ఆసుపత్రి వార్డులో నుండెను.