పులిహోర పొట్లం లేని ప్రయాణం

పెట్టె సర్దలేదు, పాస్‌పోర్టు లేదు, మా ఆవిడ పులిహోర పొట్లం కట్టి ఇవ్వనూ లేదు. అయినా మొన్న వేసవి సెలవుల్లో నేను విదేశయానం చేసి వచ్చాను! ఆ చోటి పేరు సెకండ్ లైఫ్. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో కంప్యూటరులో వెలయించిన లోకమది. అక్కడ మనకొక బొమ్మదేహం ఉంటుంది. దానితో నడవవచ్చు, ఎగరవచ్చు. 2007 నుంచి నోరారా మాట్లాడవచ్చు కూడాను.

స్పానిష్ నేర్చుకోవాలని నా చిరకాల ముచ్చట. రాళ్ళు పరచిన వీధిలో, ఫౌంటెను పక్కన పాఠం. "సిద్ధమేనా?" అని పంతులమ్మగారు స్పానిష్‌లో అడిగారు. ధీమాగా "సోయ్ లిస్తో" అన్నాను. "ఎస్తోయ్ లిస్తో" అనాలట. నేనన్నదానికి అర్థం "నేను తెలివిగలవాణ్ణి" అని!

ఇంట్లో కుర్చీలో ఉన్న నా చెవులు ఎర్రబడ్డాయి. వీధిలో ఉన్న నా బొమ్మ మాత్రం నిశ్చింతగా నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు. సరైన మాట ఒకసారి తానే పలికి, "పదండి బజారుకు" అన్నారు. మూడు నారింజలు అడిగేలోగా మరి నాలుగు తప్పులు చేశాను. అడగడం మాత్రం మానలేదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చాడు, ఎనిమిదేళ్ళ క్రిందట నా తరగతిలో "ళ"ను "ల"గా పలికిన కుర్రవాడు. నేను అతణ్ణి అనుకరించాను, తరగతి గొల్లుమంది. ఏడాది పొడుగునా అతడు మళ్ళీ నోరు విప్పలేదు. పాపం, అతనికి చాటుగా నిలబడడానికి బొమ్మ లేదు.

కళాశాల తెరిచారు. ఒక అమ్మాయి పద్యం చదువుతూ "శ"కు "స" పలికింది. వెనుక బెంచీలో నవ్వు మొదలైంది. నేను సరైన మాట ఒకసారి పలికి, "ఊఁ, తరువాత?" అన్నాను.

చదివింది.