ఎత్తు మార్చుటకు వీలగు పశువుల తొట్టి

హైదరాబాదు నగరమునకు పడమట, అద్దాల మేడల నడుమ గౌలిదొడ్డి యను నొక యూరు గలదు. గౌలి యనగా పాలవాడు. దొడ్డి యనగా పశువులను తోలి కట్టు చోటు. దానికి దగ్గరనే కంచ గచ్చిబౌలి యున్నది. కంచ యనునది యీ సీమలో పశువులు మేయుటకు విడిచిన బీటికి పేరు. ఇచ్చట కొలువు చేయుటకు నలుదిక్కులనుండి వచ్చిన యువకులు ఈ పేళ్లను దినమునకు పదిమారులు పలుకుచుందురు గాని వాని యర్థమును విచారించువారు అరుదు. మన తెలుగు బైబిలులో యెషయా ప్రవక్త, గాడిద తన యజమానునిది దేనిని ఎరుగునని చెప్పెనో, అచ్చట దొడ్డి యను మాటయే వాడబడి యున్నది. కావున మా విద్యార్థులకైనను ఈ పేరు కొత్తది గాకూడదు.

ఈ పల్లెల మార్పు మా కన్నులయెదుటనే జరిగినది. 1998వ సంవత్సరము నవంబరు నెలలో ప్రధానమంత్రియగు వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సు అను మేడను ప్రారంభించిరి. అటుపిమ్మట మాదాపూరు, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ యనునవి పల్లెలుగా నుండుట మానినవి. 2010లో ఏర్పడిన జాతీయ పశు జీవసాంకేతిక విజ్ఞానసంస్థ ఇప్పుడు ఆ గౌలిదొడ్డిచెంతనే యున్నది. ఒకప్పుడు గౌలులు పశువులను కట్టిన తావున నేడు పండితులు పశువుల రోగములను సూక్ష్మదర్శినులతో పరిశోధించుచున్నారు. ఇది యొకవిధముగా ఆ పేరునకు తగినదే.

అయినను గేదెలు బొత్తిగా పోలేదు. పెద్ద దారులు విడిచి సందులలోనికి పోయినచో రేకుల కొట్టములు ఇంకను అక్కడక్కడ కానవచ్చును. మూసీనది వెంబడి మురుగునీటితో పెంచు పారాగడ్డి మోపులుగా కట్టబడి నగరములోని పాలవారికి అమ్మబడుచున్నది. సారాయి బట్టీలనుండి వచ్చు పిప్పియు, వరిగడ్డియు, జొన్నచొప్పయు, తవుడును గేదెలకు ఆహారము. మేయుటకు కంచ లేనందున ప్రతి పరకయు కొని తేవలసినదే. కొన్న గడ్డి నేలపాలైనచో అది రొక్కము నేలపాలైనట్లే. ఈ యొక్క సంగతిని చదువరులు మనస్సునందుంచుకొనిన, మేము పైని చెప్పబోవు తొట్టి యొక్క ప్రయోజనము బోధపడగలదు.

మా తొమ్మిదవ తరగతిలో ఒక పిల్లవాడు ప్రతిదినము మొదటి గంట గడచినపిమ్మట వచ్చుచుండెను. అడిగిన, గడ్డి యేరుచుంటినని చెప్పెను. ఆ మాట మాకు తెలియక, ఒక శనివారము సాయంకాలము వాని యింటికి పోయితిమి. కొట్టములో మూడు గేదెలు, ఒక దూడ, రెండు మేకలు ఉండెను. గోడవెంబడి సిమెంటుతో కట్టిన పొడుగాటి తొట్టి యొకటి యుండెను గాని, దాని యడుగు గేదెల గిట్టలున్న మట్టమునకంటె క్రిందుగా నుండెను. పెద్దగేదె ముందరి కాళ్లు చాపి, మెడ సాచి, అందక, తుదకు మోకాళ్లమీద వ్రాలి మేయుచుండెను. ఆ మోకాళ్లు రెండును వాచి వెండ్రుకలూడి యుండెను. దూడ తొట్టిలో దిగి నిలిచి, తన గడ్డిని తానే త్రొక్కుచుండెను. మేకలు ముంగాళ్లు గోడపై నుంచి, నచ్చిన యాకులను లాగి తక్కినవానిని క్రింద పడవేయుచుండెను. ఈ త్రొక్కుడు గడ్డిలోనుండి బాగుగా నున్నదానిని యేరి, కడిగి, ఆరబెట్టుటయే ఆ పిల్లవాని ఉదయకాలపు పని.

కట్టినవాడు తొట్టిని ఇంత లోతున నేల కట్టెను? అతడు సరిగానే కట్టెను. క్రిందికి పోయినది తొట్టి కాదు, పైకి వచ్చినది నేల. దారిని మరల మరల వేసినపుడెల్ల పాతదానిపై కొత్తది పోయుటచేత అది యింటి గడపకంటె ఎత్తాయెను. వానకాలమున నీరు కొట్టములోనికి పారజొచ్చెను. ఇంటివారు చేయునది లేక మొరమును రాతిపొడిని తెచ్చి కొట్టపు నేలను రెండుమారులు ఎత్తు చేసిరి. తొట్టి మాత్రము ఎక్కడ కట్టబడెనో అక్కడనే నిలిచెను. ఈ ప్రాంతములలో చాల యిండ్ల కథ యిదియే. నేల యెదుగుచున్న యూరిలో కదలని తొట్టి యెట్లు పనికివచ్చును?

పెద్దగేదె పాలు తగ్గెనని దళారి యొకడు అప్పటికే రెండుమారులు వచ్చి బేరమాడిపోయెనట. దానిని అమ్మివేసి, ఇంకొకదానిని అప్పుచేసి కొని, పిల్లవానిని ఏడాదిపాటు ఇంటిపట్టున నిలుపుకొందునని వాని తండ్రి మాతో నెమ్మదిగా చెప్పెను. ఆయన చెడ్డవాడు గాడు. చేతులు చాలవు, అంతియే.

పశువు బీటిలో మేయునపుడు తల నేలకు దించి మేయును. అట్లు తల దించి మేసిన ఆవునకు లాలాజలము హెచ్చుగా నూరునని పరిశోధకులు కనుగొనిరి. పెద్ద ఆవు దినమునకు నూరు లీటర్లకు పైబడి లాలాజలము మ్రింగును. దాణావలనను పిప్పివలనను పెద్దపొట్టలో పుట్టు పులుపును అణచునది ఈ లాలాజలమే. కావున తొట్టిని మరీ ఎత్తుగా పెట్టుటయు తగదు. ఎత్తు హెచ్చిన నూక, దుమ్ము కన్నులలో పడును, గొంతు అంచునకు ఒరసికొనును. మరీ క్రిందనుంచిన మోకాళ్లు పోవును. తొట్టి యడుగు గిట్టలున్న మట్టమునకు ఒకటి రెండు బెత్తెళ్లు పైగా నుండుట మేలు. మన దేశపు పశుపోషణ గ్రంథములలో పెద్ద ఆవునకును గేదెకును ఒక్కొక్కదానికి 60 మొదలు 75 సెంటీమీటర్ల నిడివి తొట్టి కావలెననియు, దాని వెడల్పు 60, లోతు 40, పశువువైపు గోడ యెత్తు 50 సెంటీమీటర్లు ఉండవలెననియు లెక్కలు గలవు. దూడకైన వెడల్పు 40, లోతు 15, గోడయెత్తు 20 చాలును. ఇరువదికిని ఏబదికిని నడుమ ముప్పది సెంటీమీటర్లు భేదము. రెండు మూడేండ్లలో దూడ ఈ ముప్పదిని దాటిపోవును. సిమెంటు తొట్టి దానితోకూడ ఎదుగదు గదా!

ఈ లెక్కలను మేము చిత్రలేఖనపు గంటలో నల్లబల్లపై వ్రాసి, ఎత్తు మార్చుటకు వీలగు తొట్టి యొకదానిని గీయుడని తరగతికి చెప్పితిమి. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన కొలబద్ద చిత్రములు ఇన్నాళ్లకు గుడ్డిదీపపు బొమ్మలకు గాక ఒక బ్రదుకుతెరువునకు పనికివచ్చినవి. పిల్లలు రకరకములుగా గీసిరి. ఒక బాలిక కప్పుకమ్మికి కప్పీలు కట్టి తాళ్లతో తొట్టిని పైకి క్రిందికి లాగునట్లు మిక్కిలి అందముగా గీసెను. ఆ బొమ్మలనన్నిటిని పిల్లవాని అవ్వకు చూపించితిమి. ఆమెకు చదువు రాదు. కాని డెబ్బదియేండ్లు గేదెల నడుమ గడపినది. కప్పీల బొమ్మను చూచి యామె నవ్వి, "సారూ, గీ తాళ్లెందుకు? బర్రె మెడ రాక్కుంటది, తాడు తెగుతది, తొట్టి కాళ్లమీద వడ్తది. గట్టి గుంజలు పాతుండ్రి," అనెను. బాలిక చిన్నబుచ్చుకొనక ఆ బొమ్మను త్రిప్పి వెనుకవైపున గుంజలు గీసెను. మాకు కావలసినది అదియే.

తుదకు నిలిచిన రూపమిది. రెండు ఇనుపగుంజలు, ఒకదానికొకటి మీటరు దూరమున. గుంజలకు పది సెంటీమీటర్లకొక రంధ్రము. ఇన్నూరు లీటర్ల ప్లాస్టిక్ పీపాను నిలువున రెండుగా కోసిన, వెడల్పు సుమారు 58, నిడివి సుమారు 88 సెంటీమీటర్లుగల రెండు తొట్లు వచ్చును. లోతు మాత్రము లెక్కకంటె కొంత తక్కువ గాని గడ్డిని రెండు విడతలుగా వేసిన సరిపోవును. పీపా గుండ్రనిది గనుక మూలలు లేవు, మూలలు లేనందున పాచిన దాణా నిలువదు. సిమెంటును పులిసిన మేత నానాటికి తినివేయును, ప్లాస్టిక్కును అట్లు తినలేదు. ఆ సగము పీపాను ఇనుపచట్రములో కూర్చుండబెట్టి, చట్రమును గుంజల రంధ్రములలో చీలలతో నిలిపితిమి. దూడకు మాత్రము మరియొక పీపాను లోతు తక్కువగునట్లు కోయించితిమి. అడుగున కడిగిన నీరు పోవుటకు రంధ్రమును, దానికొక కొయ్య బిరడాయు నుంచితిమి.

చిన్న విషయములలోనే పెద్ద మోసమున్నది. పీపాలో మునుపు ఏమి యుండెనో తెలియనిదే కొనరాదు. మందులు, రంగులు నింపిన పీపాలు ఎంత కడిగినను పశువునకు విషమే కావచ్చును. మేము మిఠాయిపాకము వచ్చిన పీపాలను వెదకి కొంటిమి. కోసిన యంచు కత్తివలె నుండును. దానికి నీళ్లగొట్టమును చీల్చి తొడిగితిమి. చీలలు పశువునకు ఎదుటివైపునుండి దూర్చవలెను, ఏలయన గేదె నాలుకకు పనిలేనపుడు అది చీలను ఊడబెరుకును. ఊడినను క్రింద పడకుండ ప్రతి చీలకును గొలుసు కట్టితిమి. పశువు నమలకయే మ్రింగి, తరువాత నెమరువేయును. కావున మేతలో పడిన మేకు గాని తీగముక్క గాని తిన్నగా లోనికి పోయి, పొట్టను పొడిచి, గుండెవరకు చేరగలదు. నగరములో ప్లాస్టిక్ సంచులు దీనికి తోడు. అందుచేత వెల్డింగు ముగిసినపిమ్మట ఒక అయస్కాంతమును దారమునకు కట్టి పిల్లలచేత కొట్టమంతయు వెదకించితిమి. ఆ దినమున దొరికిన ఇనుప ముక్కలను ఒక సీసాలో పోసి తరగతిగది కిటికీలో నుంచినాము. ఈ పత్రికను చదువు తల్లిదండ్రులు వచ్చినపుడు చూడవచ్చును.

మేకల సంగతి వేరు. మేక తల పైకెత్తి ఆకులు తుంచు స్వభావముగలది. తొట్టి క్రిందనుంచిన దానిలోనే కాళ్లు పెట్టును. దానికి తొట్టిని పై రంధ్రమున నిలిపి, ముందు అడ్డకమ్మి యొకటి వేసిన చాలెను.

సిమెంటు తొట్టిని మొరముతో పూడ్చి, దానిముందు కొత్తవానిని నిలిపితిమి. పెద్దగేదె మొదటి దినమున నీలపు తొట్టిని చూచి బెదరెను. అవ్వ పాత తొట్టిలోని గడ్డినే దానిలో వేసి, కొంచెము తవుడు చల్లి, అవతలికి పోయెను. తెల్లవారువరకు అంతయు ఖాళీ. మోకాళ్ల వాపు తగ్గుటకు కొన్ని వారములు పట్టెను. పాలు పూర్వమున్నంత రాలేదు గాని అమ్మవలసినంత తక్కువ కూడ కాలేదు. దళారి మరియొకమారు వచ్చి ఊరక పోయెను. ఏరవలసిన గడ్డి గంపెడునుండి గుప్పెడాయెను. పిల్లవాడు ప్రార్థనవేళకే బడికి వచ్చుచుండెను. లెక్కలలో వెనుకబడియే యుండెను, అది వేరుమాట.

మా పిల్లలు క్రిస్మసు నాటకమునకు అట్టతో కట్టు తొట్టియు ఈ సంవత్సరము మారెను. యేసుప్రభువు పరుండిన తొట్టి యెంత యెత్తున్నదని ఒకడు అడిగెను. ఆ దేశమున రాతితొట్లు వాడుక. మెగిద్దో త్రవ్వకములలో రాతిని తొలిచి చేసిన తొట్లు బయటపడినవి. అట్టి రాతిని ఎవరును ఎత్తజాలరు. అయినను పిల్లలు నాటకములో అట్టతొట్టికి గుంజలు పెట్టి రంధ్రములు గీసిరి. మేము వారించలేదు. పాస్టరుగారు చూచి ఏమనుకొనిరో అడుగలేదు.

గడచిన వేసవిలో ఆ కొట్టమున్న స్థలమును ఖాళీచేయవలసి వచ్చెను. వారు గేదెలతో శంకరపల్లి వైపు పోయిరి. సిమెంటు తొట్టి మొరము క్రింద అచ్చటనే మిగిలెను. గుంజలు, చట్రములు, పీపాలు విప్పి ఒక ట్రాలీలో వేసికొని పోయిరి. అచ్చటి నేల మెత్తనిది గనుక గుంజలు లోతుగా దిగినవి, తొట్టిని రెండు రంధ్రములు పైకి మార్చిరట. పిల్లవాడు ఇప్పుడు మా వసతిగృహములో నుండి పదవ తరగతి చదువుచున్నాడు. దూడ పెరిగి మూడవ రంధ్రమునకు వచ్చెనని అవ్వ కబురంపినది. దారిలో రెండు చీలలు గొలుసులతోసహ పడిపోయినవట. వానికి బదులు పిల్లలు కొత్తవి చేయించి యుంచినారు. వచ్చు శనివారము బస్సులో వాడు తీసికొనిపోవును.